కొత్త డ్రైవర్‌కు కిలోమీటరు నేర్పే పాఠం

లైసెన్సు పరీక్షలో ట్రైనీ డ్రైవర్‌ను అడిగేవన్నీ బండి కదలికకు సంబంధించినవే. ట్రెయిలర్‌ను గీతల మధ్యకు వెనక్కి పెట్టగలడా, ఎయిర్ బ్రేకుల్లో ఒత్తిడి పడిపోతే కనిపెట్టగలడా, మలుపులో వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయన్న సంగతి తెలుసా. ఉద్యోగంలో చేరిన తొలివారంలో అతనికి ఎదురయ్యేది మాత్రం కదలని బండి. గోదాము గేటు బయట లారీల వరుస. లోపల సరుకు దించే, ఎక్కించే డాక్ ఖాళీ లేదు. కాగితాల మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఎక్కడికో వెళ్లాడు. నాలుగు గంటలు గడిచిపోతాయి. దూరాన్ని బట్టి జీతం కట్టే చోట ఆ నాలుగు గంటలకు దక్కేది సున్నా, లేదంటే నామమాత్రం. చివరికి గేటు దాటి రోడ్డెక్కాక యాక్సిలరేటర్ మీద కాలు ఎందుకు బరువెక్కుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

దూరప్రయాణాల లారీ శిక్షణ మీద చర్చ ఎప్పుడు జరిగినా సిలబస్ దగ్గరా, శిక్షణ గంటల దగ్గరా తిరుగుతుంటుంది. అవి అవసరమే. కానీ మొదటి ఏడాదిలో కొత్త డ్రైవర్ అలవాట్లను తీర్చిదిద్దేది జీతం కట్టే పద్ధతి అని నా అభిప్రాయం. ఈ వృత్తిలోని ప్రతి మంచి అలవాటూ కాసింత సమయాన్ని తింటుంది. కిలోమీటరు లెక్కన జీతమంటే, ఆ మంచి అలవాటు మీద జరిమానా వేసినట్టే.

రివర్స్ సంగతే చూడండి. ట్రెయిలర్ తోక కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. ఈ ముక్క బుర్రకు నిమిషంలో ఎక్కుతుంది, చేతికి ఎక్కడానికి నెలలు పడుతుంది. ముందు బండికీ ట్రెయిలర్‌కూ మధ్య కోణం ఒక హద్దు దాటిందంటే ఇక ఎంత తిప్పినా సర్దుకోదు, ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. డ్రైవర్ కూర్చున్న వైపుకు తిప్పితే తోక కంటికి ఆనుతుంది. రెండో వైపుకు తిప్పితే అద్దంలో ఏమీ కనిపించదు. చెయ్యి తిరిగిన డ్రైవర్లు కూడా ఇలాంటప్పుడు బండి ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసొస్తారు. ఒక్కోసారి రెండు మూడుసార్లు. కొత్తవాడికేమో వెనక నిలబడ్డ నలుగురి చూపులు గుచ్చుకుంటాయి, గడియారం తరుముతుంది. దిగడు.

ట్రెయిలర్ తగిలించడం కూడా ఇలాంటిదే. ముందు బండి మీదుండే ఫిఫ్త్ వీల్ అనే కొక్కెం పళ్లెం దవడలు, ట్రెయిలర్ కిందుండే కింగ్‌పిన్ అనే ఇనుప మేకును పట్టుకున్నాయో లేదో తెలియాలంటే, ట్రెయిలర్ బ్రేకులు వేసి బండిని ఓసారి ముందుకు గుంజి చూడాలి. ఆపైన దిగి, టార్చి వేసి కళ్లతో చూసుకోవాలి. దిగుడు రోడ్డులో ఓపిక మరీ ముఖ్యం. వాలు మొదలవకముందే గేరు తగ్గించుకుని ఇంజిన్ బ్రేకుతో మెల్లగా దిగాలి. అలా కాకుండా పెడల్ మీదే కాలు ఉంచితే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచిస్తాయి, డ్రమ్మును ఒరుసుకుని ఆపే లైనింగ్‌కూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఇవన్నీ తరగతిలో చెబుతారు. చెప్పినట్టు చేస్తే ఎన్ని నిమిషాలు పోతాయో, ఆ నిమిషాల కూలి ఎవరిస్తారో చెప్పరు.

నిద్ర దగ్గర ఈ లెక్క ప్రాణం మీదికి వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో లారీ సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకు పట్టిందంటే దాదాపు 90 మీటర్లు డ్రైవర్ లేకుండానే నడిచినట్టు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరులా దిగజారుతుందని 2000లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. రాత్రి రెండు నుంచి తెల్లవారి ఆరు లోపు ఒళ్లు దానంతటదే నిద్రలోకి జారాలని చూస్తుంది. పాట పెట్టుకున్నా, అద్దం దించినా అది కాసేపటి మాయే. బండి పక్కకు తీసి పడుకోవడం ఒక్కటే మందు. ఎంతసేపు పడుకుంటే అంత కూలి పోయే మనిషికి ఆ మందు చేదుగానే ఉంటుంది మరి.

అమెరికాలో 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లకు ప్రవేశ శిక్షణను తప్పనిసరి చేశారు. థియరీలో 80 శాతం మార్కులు రావాలన్నారు, నేర్పాల్సిన అంశాలను జాబితా కట్టారు. స్టీరింగ్ వెనక ఇన్ని గంటలు కూర్చోవాలన్న కనీస లెక్క మాత్రం పెట్టలేదు. చేతనయిందో లేదో శిక్షకుడే తేల్చాలి. యూరప్ గంటల్నే నమ్ముకుంది. వృత్తి డ్రైవర్ల అర్హతకు 280 గంటల కోర్సు, తొందరగా ముగించాలనుకుంటే 140, ఆ తర్వాత ఐదేళ్లకోసారి 35 గంటలు. ఇంత భారీగా కనిపించే 280లో ట్రైనీ తానుగా బండి నడిపే సమయం కనీసం 20 గంటలు ఉంటే చాలు. రెండు చోట్లా అసలు చదువు లైసెన్సు చేతికొచ్చాకే, పక్క సీటు గురువు దగ్గరే మొదలవుతుంది.

ఆ గురువు జీతం కూడా బండి తిరిగిన దూరాన్ని బట్టే అయితే ఏమవుతుంది? ట్రైనీకి కాస్త చెయ్యి కుదరగానే బండి ఇద్దరు డ్రైవర్ల బండిగా మారిపోతుంది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక బెర్తులో నిద్రపోతారు. అర్ధరాత్రి వానలో, తెలియని రోడ్డు మీద, భయంగా నడుపుతున్న ట్రైనీకి పక్కన ఉండాల్సిన మనిషి పరదా వెనక ఉంటాడు. కంపెనీకి ఒక బండి మీద రెట్టింపు దూరం, గురువుకు ఎక్కువ కూలి, ట్రైనీకి ‘అనుభవం’. కుదుపుల బెర్తులో ఇద్దరికీ సరైన నిద్ర ఉండదు. ముక్కూమొహం తెలియని గురువుతో వారాలపాటు ఒకే క్యాబిన్‌లో ఉండాల్సి రావడం మహిళా ట్రైనీలకు ఇంకో పరీక్ష. 18 నుంచి 20 ఏళ్ల వారికోసం అమెరికా 2021 చట్టంతో తెచ్చిన ప్రయోగాత్మక పథకంలో రెండు దశల్లో కలిపి 400 గంటలు పెట్టి, అందులో 240 గంటలు నడపాలని, అప్పుడు అనుభవజ్ఞుడు పక్క సీట్లోనే ఉండాలని రాశారు. ఆ మాట రాయాల్సి వచ్చిందంటేనే మామూలుగా ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

పని గంటలకు చట్టాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. అమెరికాలో డ్యూటీ మొదలైన 14 గంటల లోపే 11 గంటలు నడపవచ్చు, ఆపైన 10 గంటల విరామం. అయితే గోదాము ముందు ఊరికే నిలబడ్డా ఆ 14 గంటలు మామూలుగా కరిగిపోతూనే ఉంటాయి. నాలుగు గంటలు గేటు దగ్గర పోతే, మిగిలిన పదింటిలోనే అనుకున్న దూరాన్ని కుక్కాలి. లోడింగ్ దగ్గర సగటు ఆలస్యం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని ఆ దేశ రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో అంచనా వేసింది. నా దృష్టిలో ఈ రంగంలో అందరికంటే ముందు ట్రైనీకి చెప్పాల్సిన అంకె ఇదే. పైగా అక్కడి 1938 నాటి కార్మిక చట్టం అంతర్రాష్ట్ర లారీ డ్రైవర్లను ఓవర్‌టైమ్ హక్కు నుంచి మినహాయించింది. మన దగ్గర 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది. కాగితం మీద గంటలు, చేతికిచ్చేది ట్రిప్పు లెక్క అయితే ఆ గంటలు ఎవరు లెక్కపెడతారు?

యూరప్ ఒక్కచోట మాత్రం అసలు నరం పట్టుకుంది. 2006 నాటి 561వ నిబంధనావళి, పదో అధికరణం: రోడ్డు భద్రతకు చేటు తెచ్చేలా, నిబంధనలు మీరడానికి ఉసిగొల్పేలా దూరాన్ని బట్టి, సరుకు పరిమాణాన్ని బట్టి జీతం ఇవ్వరాదు, బోనస్ పేరుతో కూడా కుదరదు. అమలు తీరు మీద ఎన్ని మాటలైనా అనుకోవచ్చు గానీ, జీతం కూడా బ్రేకు లాంటి భద్రతా పరికరమేనని చట్టం గుర్తించడం చిన్న సంగతి కాదు.

గంటల లెక్కన ఇస్తే డ్రైవర్లు నత్తనడక నడుపుతారు, రోడ్డు మీద ఎవరు చూడొచ్చారు అని ఓనర్లు అనడంలో ఒకప్పుడు న్యాయం ఉండేది. ఇప్పుడు జీపీఎస్ ఉంది, వేగాన్నీ నడిపిన సమయాన్నీ నమోదు చేసే టాకోగ్రాఫ్ ఉంది, బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో ఆఫీసులో కూర్చుని చూస్తున్నారు. చూస్తూ కూడా ఆ నిమిషాలకు డబ్బు లేదంటే అది లెక్క తెలియక కాదు. చాలామంది అనుభవజ్ఞులు కిలోమీటరు లెక్కనే ఇష్టపడతారన్నదీ నిజమే. ఏ డాక్ దగ్గర ఎంతసేపు పడుతుందో, ఏ లోడు వద్దనాలో వాళ్లకు తెలుసు, ఆ తెలివి మీద సంపాదిస్తారు. ట్రైనీ దగ్గర ఆ తెలివి ఇంకా లేదు. అందుకే కనీసం మొదటి ఏడాది ట్రైనీకీ, అతనికి నేర్పే గురువుకూ గంటల లెక్కన, వేచి ఉన్న సమయంతో సహా జీతమివ్వాలంటాను.

డ్రైవర్లు దొరకడం లేదని పరిశ్రమ మొత్తుకుంటుంటుంది. కానీ అమెరికాలో లారీ డ్రైవర్ల ఉద్యోగ మార్కెట్ మిగతా వృత్తుల్లాగే పనిచేస్తోందని ఆ దేశ కార్మిక గణాంక సంస్థ పత్రికలో 2019లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. దూరప్రయాణాల పెద్ద కంపెనీల్లో ఏడాదికి ఉద్యోగం మానేసేవాళ్ల రేటు ఎన్నోసార్లు 90 శాతం దాటింది మరి. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, నిలవడం లేదు. కంపెనీలు శిక్షణ ఖర్చు తామే పెట్టుకుని, ఏడాది లోపు మానేస్తే తిరిగి కట్టాలని రాయించుకునే ఒప్పందాలు వాళ్లను కొన్నాళ్లు కట్టిపడేస్తాయి, అంతే. అప్పు మెడ మీద ఉన్న ట్రైనీ నిద్రొస్తోంది, నడపలేను అని ఎలా అంటాడు?

చేరబోయే ముందు ఎవరైనా నన్ను సలహా అడిగితే, కిలోమీటరుకు ఎంతిస్తారన్న ప్రశ్న చివరికి వాయిదా వేయమంటాను. గేటు దగ్గర ఆగిన గంటకు ఎంత? నేను నడుపుతున్నప్పుడు గురువు ఎక్కడ కూర్చుంటారు? తెల్లవారుజామున మూడింటికి బండి పక్కకు పెట్టి ఫోన్ చేస్తే అటువైపు ఎత్తే మనిషి ఎవరు, ఏమంటాడు? మూడో ప్రశ్నకు జవాబు ఆఫీసులో అడిగితే దొరకదు. యార్డులోకి వెళ్లి, అదే కంపెనీలో ఆరు నెలలుగా నడుపుతున్నవాణ్ని అడగాలి.