ఫారెక్స్ కార్డు చేతిలో పెట్టేస్తే అయిపోయిందా?

ఆఫీసు పని మీద మనల్ని జర్మనీ పంపేటప్పుడు వీసా, టికెట్, ఇన్సూరెన్స్ అన్నీ కంపెనీలు పక్కాగా చూస్తాయి. డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ కరెన్సీ నింపి ఇచ్చే ప్రీపెయిడ్ కార్డు) ఇచ్చి, "అడ్వాన్స్ లోడ్ చేశాం" అని చేతులు దులిపేసుకుంటాయి.

హోటల్లో దిగగానే డిపాజిట్ అడుగుతారు. ప్రీపెయిడ్ కార్డు వద్దు, క్రెడిట్ కార్డే కావాలనే హోటళ్లు బోలెడు. ఒకవేళ తీసుకున్నా ఆ మొత్తం బ్లాక్ అవుతుంది, ఖాళీ చేశాక కూడా తిరిగి రావడానికి రోజులు పట్టొచ్చు. భోజనాలకిచ్చిన డబ్బు అలా ఇరుక్కుపోతుంది. అప్పుడు బయటికొచ్చేది ఎవరి కార్డు? ఉద్యోగి సొంత క్రెడిట్ కార్డు! విదేశంలో వాడితే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, అంటే మార్కప్, చాలా కార్డుల మీద మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. తిరిగొచ్చి బిల్లు పెడితే ఫైనాన్స్ వాళ్లు "ఈ ఛార్జీలు పాలసీలో లేవండీ" అంటారు. కంపెనీకి వడ్డీ లేకుండా అప్పిచ్చింది మనం, ఎదురు కట్టేదీ మనమే.

పోనీ, ఆ సొంత కార్డైనా పనిచేస్తుందా? 2020లో వచ్చిన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మనదేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే ఓటీపీ ఇండియా నంబరుకి వెళ్తుంది, ఆ సిమ్ తీసేసి పర్సులో పెట్టుంటాం. ఇంతకుమించిన టెన్షన్ ఉండదు.

కొబ్బరిబోండాల బండి దగ్గరా స్కాన్ చేసే అలవాటు మనది. సింగపూర్, యూఏఈల్లో యూపీఐ కొన్నిచోట్ల నడుస్తుంది. జర్మనీలో చిన్న బేకరీకి వెళ్తే చాలాసార్లు యూరో నోట్లైనా, గిరోకార్డు అనే వాళ్ల దేశపు డెబిట్ కార్డైనా ఉండాలి. మన వీసా, మాస్టర్‌కార్డ్ చూసి తల అడ్డంగా ఊపుతారు. జర్మనీ లాంటి దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా నోట్ల రూపంలో తీసుకెళ్లొచ్చు. అయినా నగదు ఇవ్వమంటే ఆఫీసులో ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

స్వైపింగ్ మెషీన్ రూపాయలా, యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం, పైగా మన బ్యాంకూ ఛార్జీ వేయొచ్చు. నిజానికి ఇది కంపెనీ ట్రైనింగులో చెప్పాల్సిన మాట.

కంపెనీ పేరు మీద ఒక క్రెడిట్ కార్డు, విడిగా ఫారెక్స్ కార్డు, వారానికి సరిపడా నోట్లు, మార్కప్‌తో సహా రీయింబర్స్‌మెంట్: నేనడిగేది ఇంతే. ట్రావెల్ ఫారంలో "హోటల్ డిపాజిట్ ఎవరు కడతారు" అనే గడి పెట్టేదాకా నేనైతే సంతకం చేయను.