వడియాల కాపలా

సగ్గుబియ్యం వడియాలు పెట్టడం పెద్ద పనేమీ కాదు. పెట్టినవన్నీ డబ్బాలోకి చేరడమే కష్టం. మేడ మీద వరసకు పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు పెడితే లెక్కకు 96. నాలుగో రోజు సాయంత్రం డబ్బాలో పడేవి 70 దాటితే ఆ ఇంటివాళ్లు పుణ్యాత్ములు. మిగతావేమయ్యాయని అడిగితే అందరూ ఆకాశం వైపు చూపిస్తారు. ఆకాశం వాటా అందులో సగమే.

ముందు పిండి సంగతి. ఒక గ్లాసు సగ్గుబియ్యం రాత్రే నానబెట్టి, పొద్దున్నే ఆరు గ్లాసుల నీళ్లలో గింజ మధ్య తెల్లచుక్క పోయి అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు నూరి కలపాలి. ఉప్పు దగ్గరే అందరూ బోల్తా పడతారు. వేడి జావ నాలిక్కి రాసుకుని "ఆఁ, సరిపోయింది" అన్నారంటే వడియం ఉప్పుకల్లయినట్టే. ఎండ నీళ్లను పట్టుకుపోతుంది గానీ ఉప్పును ముట్టుకోదు. అందుకే పచ్చిగా ఉన్నప్పుడు చప్పగా, ఇంకాస్త పడాలేమో అనిపించాలి. ఆ అనుమానాన్ని అలాగే వదిలేయాలి. గరిటెతో వేస్తే జావ కాస్త పరుచుకుని ఆగిపోవాలి. మరీ పల్చనైతే తీసేటప్పుడు చిరుగుతుంది, ముద్దగా ఉంటే నడుమ ఎండక, నూనెలో పొంగక, పళ్లకు పరీక్ష పెడుతుంది. తడిపి పిండిన పాత పంచె మీద ఎనిమిదింటికల్లా పెట్టేస్తే రోజంతా ఎండ దక్కుతుంది.

ఆ ఎండకు తోడు చుట్టాలూ దిగుతారు. మొదట కాకి.

మొదటి రోజు జావ ముక్కుకి అంటుకుంటుంది కాబట్టి రెండు పొడిచి, తుడుచుకుని పోతుంది. రెండో రోజు అంచులు లేవగానే అసలు పని మొదలు. అంచు పట్టి లాగితే వడియం చొక్కా గుండీలా ఊడొస్తుంది. గట్టి తిండి దొరికితే కాకి అలాగే తినదు. ఎండిన రొట్టె ముక్కనైనా కుళాయి దగ్గరికో తొట్టి దగ్గరికో తీసుకెళ్లి నానబెట్టుకుంటుంది. ఎండాకాలం, నోరులేని జీవాలు, పాపం అనుకుని పిట్టగోడ మీద మూకుడుతో నీళ్లు పెట్టింది ఎవరు? మనమే. వడియమూ మనదే, నానబెట్టుకునే గిన్నే మనదే. ఓపికుంటే గమనించండి. వడియాన్ని మూకుట్లో వేస్తుంది, ముక్కుతో ఒకసారి తిరగేస్తుంది, తల పక్కకి వంచి చూస్తుంది. మెత్తబడలేదనిపిస్తే మళ్లీ ముంచుతుంది. దోసెల పెనం దగ్గర నిలబడ్డ మనిషికీ దానికీ తేడా ఉండదు.

పోనీ, కడుపు నిండాకైనా మానుతుందా? దాచుకుంటుంది. కుండీ మట్టిలో గుచ్చి, పైన ఎండుటాకు కప్పి, ఏమీ ఎరగనట్టు ఎగిరిపోతుంది. మల్లెకుండీకి నీళ్లు పోసినప్పుడు తెల్లగా ఉబ్బినదేదో తేలితే కంగారుపడొద్దు, తప్పిపోయిన 26లో అదొకటి.

కాకులకు విరుగుడుగా చాలామంది పంచె చుట్టూ ఎండుమిరపకాయలు పరుస్తారు. ఎర్రటి కొత్త వస్తువని కాకి ఓ పూట అనుమానపడొచ్చు గానీ కారానికి భయపడి మాత్రం కాదు. మంట పుట్టిందని మెదడుకు చెప్పే గ్రాహకం మనకూ ఉంది, పక్షులకూ ఉంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే మనది గోల పెడుతుంది, పక్షిది ఉలకదు పలకదు. చిలక పండుమిర్చిని జామపండులా కొరుక్కు తినేది అందుకే. కాబట్టి ఆ మిరపకాయలు కాకికి పెళ్లి తోరణంతో సమానం.

ఉడతకు మాత్రం కారం తెలుస్తుంది, అది మనలాగే పాలు తాగి పెరిగిన జాతి. అయితే పిండిలోనే కారం దట్టిద్దామా? దట్టొచ్చు. ఉడతతో పాటు ఇంట్లో పిల్లలూ వడియం ముట్టరు.

ఉడత తినే తీరు ఇంకో రకం. వెనక్కాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో వడియాన్ని పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ అంచంతా కొరుకుతుంది. సగంలో అలికిడైతే అక్కడే పారేసి, తిరిగొచ్చాక కొత్తది మొదలెడుతుంది. అది తిన్నదానికన్నా ఎంగిలి చేసిందే ఎక్కువ. పైగా గూటికి మెత్తటి పరుపు కావాలి కాబట్టి పంచె అంచునుంచి పోగులు లాక్కుపోతుంది. వడియాలు పోతే పోయాయి, పంచె కూడా తువ్వాలయ్యాక ఉడతాభక్తి అన్న మాటకు అర్థం మారిపోతుంది.

కోతుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, ఎందుకంటే అవి వచ్చాక ఏమీ మిగలదు. వాటికి బుగ్గల్లో సంచులుంటాయి. మేడ మీద నమలడానికి టైము వృథా చేయకుండా సంచులు నింపుకుని, పక్కింటి నీళ్ల ట్యాంకెక్కి తీరిగ్గా తింటాయి. కొండముచ్చుకి ఆ సంచులు లేవు. తెలంగాణ ఊళ్లలో కోతుల్ని బెదిరించడానికి దాని బొమ్మనే ఫ్లెక్సీ వేయించి నిలబెడతారు. బొమ్మ కదలదని తెలిసేదాకా పనిచేస్తుంది. నల్లగొడుగు సంగతీ అంతే. గంటకోసారి చోటు మార్చకపోతే సాయంత్రానికి కాకి దాని నీడలోనే కూర్చుని తింటుంది.

నిజంగా పనికొచ్చేది పాత దోమతెర. నాలుగు మూలలా రెండేసి ఇటుకలు పేర్చి, తెరను వాటి మీదుగా బిగించి, అంచుల మీద మళ్లీ బరువు పెట్టాలి. వడియాలకూ తెరకూ మధ్య కనీసం బెత్తెడు ఎడం ఉండాలి. తెర జారి వడియాల మీద పడిందా, కాకి కన్నాల్లోంచి పొడుస్తుంది, తడి వడియం తెరకే అంటుకుని తెరతోనే లేస్తుంది. తెర లేదని చీర కప్పితే ఎండ తగలక పులుపెక్కుతాయి. మూకుడు నీళ్లు తీసేయనక్కర్లేదు, వీధివైపు గోడ మీదికి మార్చండి చాలు. మూడో రోజు పంచె తిరగేసి, వెనకనుంచి నీళ్లు చిలకరించి, ఐదు నిమిషాలాగితే వడియాలు విరగకుండా ఊడొస్తాయి. మరో రోజు పళ్లెంలో ఎండాలి.

ఇంత చెప్పినా చాలా ఇళ్లలో అటక మీది దోమతెర దిగదు. ఎందుకంటే మామగారు ఉన్నారు. పడక్కుర్చీ, చేతికర్ర, పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చి ఆయన్ని మెట్లగది నీడలో కూర్చోబెడతారు. పదకొండింటికి కోడలు కిందినుంచి కేకేస్తుంది.

"మావయ్యగారూ, కాకులేమైనా వస్తున్నాయా?"

"చూస్తూనే ఉన్నానమ్మాయ్!"

పన్నెండుకు అదే ప్రశ్న, జవాబు కాస్త ఆలస్యం. ఒంటిగంటకు ప్రశ్నే గానీ జవాబు లేదు. కంగారుగా పైకొచ్చి చూస్తే కర్ర నేల మీద, కళ్లజోడు ఒళ్లో. కుర్చీ చేతి మీద ఒక కాకి. గ్లాసులో వడియాన్ని ముంచి, తిరగేసి, తల వంచి పరీక్షగా చూసుకుంటోంది. తొంభై ఆరింటిలో ఒకటి ఆవడ అయింది.