అయ్యా, నన్ను ఇనప ఖనిజంగా గుర్తించగలరు

ముందే ఒక మాట చెప్పేస్తున్నాను, నేను గూడ్స్ బండికి వ్యతిరేకిని కాదు. అసలు వైజాగ్‌లో పుట్టి పెరిగినోడెవడూ గూడ్స్ బండికి వ్యతిరేకి కాలేడు. ఇవాళ మనం చూస్తున్న ఈ ఊరు జనం కోసం పెరిగింది కాదు, సరుకు కోసం పెరిగింది, మనం సందు చూసుకుని మధ్యలో దూరాం అంతే. 1933లో హార్బర్ తెరిచింది మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసుని ఓడెక్కించడానికి, మనకి బీచ్ రోడ్డు మీద మొక్కజొన్న పొత్తులు తినిపించడానికి కాదు. ఆ విషయం మర్చిపోయి మనం ఈ ఊరు మనదనుకుంటున్నాం. గూడ్స్ బండి మాత్రం మర్చిపోలేదు.

కేకే లైన్ అని వినే ఉంటారు, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలాడిలా కొండల్లోంచి ఇనప ఖనిజం మోసుకొచ్చే లైను. 1960లలో జపాన్ వాళ్లకి ఉక్కు చేసుకోడానికి రాయి కావాల్సొచ్చింది, మన దగ్గర రాయి ఉంది కానీ అది బస్తర్ అడవుల్లో కొండ మీద కూర్చుంది, సముద్రం ఇక్కడుంది. మధ్యలో అనంతగిరి. సరే అని కొండకి కన్నాలు పెట్టారు, మొత్తం లైను మీద 58 సొరంగాలు. సముద్రమట్టం నించి బయల్దేరిన పట్టాలు శిమిలిగుడ దగ్గరికొచ్చేసరికి దాదాపు 996 మీటర్లు ఎక్కేస్తాయి, చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిట్లో ఎత్తైనది అదేనని బోర్డు చూపించి మరీ ఫొటోలు తీసుకునేవాళ్లం. ఇదంతా ఎవరి కోసం? రాయి కోసం. మనం అరకు వెళ్లి బొంగులో చికెన్ తిని బొర్రా గుహల్లో సెల్ఫీ దిగి రావడానికి ఎవడూ 58 సొరంగాలు తవ్వడు, తవ్వాడనుకుంటే అది మన అమాయకత్వం.

ఇప్పుడు అదే లైనుకి రెండో ట్రాక్ వేస్తున్నారు. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా డబ్లింగ్ కేంద్ర బడ్జెట్ డబ్బుతో, అంటే మీరూ నేనూ సబ్బు కొన్నా పెట్రోలు కొట్టించినా కట్టే డబ్బుతో. పైన జగదల్‌పూర్ నుంచి కిరండూల్ దాకా ఉన్న 150 కిలోమీటర్ల ముక్కకి మాత్రం ఎన్‌ఎండీసీ పెట్టుబడి పెడుతోంది, గనులు వాళ్లవి కాబట్టి. అదీ సర్కారు కంపెనీయే కదా అంటారా, అవును, ఒకటి నాన్న చొక్కా జేబు, ఇంకోటి అమ్మ పోపుల డబ్బా, ఇంట్లో డబ్బు ఇంట్లోనే ఉంది. నాకు దాంట్లో అభ్యంతరం లేదు. కొండల్లో రెండో లైను అంటే మళ్లీ సొరంగాలు, మళ్లీ వంతెనలు, వానాకాలం వస్తే పైనుంచి జారే బండరాళ్లు, ఆషామాషీ పని కాదు, చేస్తున్న కూలీలకీ ఇంజనీర్లకీ నిజంగానే దండం పెట్టాలి. నా బాధల్లా వేరే.

మొన్న చలికాలంలో మా చెల్లి కొడుకుని తీసుకుని అరకు బయల్దేరాను. పొద్దున్నే బండి. వాడికి సొరంగాలు లెక్కపెట్టే పని అప్పజెప్పాను, నోరు కాస్త ఖాళీగా ఉంచుతాడని, కానీ సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం ఓఓఓ అని అరవడం మన సంప్రదాయం కదా, వాడు అరుపుల్లో పడి లెక్క మర్చిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు. ఘాట్ మొదలైన కాసేపటికి ఒక చిన్న స్టేషన్లో, పేరు చెప్పను, పాపం స్టేషన్ మాస్టరు గారు మంచివారిలా ఉన్నారు, మా బండిని లూప్‌లో, అంటే ఎదురుబండికి దారిచ్చే పక్క పట్టాల మీద, పెట్టేశారు. పది నిమిషాలు. ఇరవై. వేరుశనక్కాయల అబ్బాయి మొదటి బుట్ట ఖాళీ చేసి రెండోది దించాడు. మా ఎదురు సీట్లో ఒక ముసలమ్మ, కాళ్ల దగ్గర సీతాఫలాల గంప, కిటికీకి తల ఆనించి నిశ్చింతగా ఉంది. ఏంటి మామ్మా, బండి ఎందుకాగింది అన్నాను.

"లోడు బండొస్తంది బాబూ. అదెల్తే గాని మనల్ని ఒగ్గరు."

టైమైపోతోంది కదా మామ్మా అన్నాను.

"దానికున్న తొందర మనకేటుంటాది?"

అంతలో వచ్చింది. ముందు ఇంజన్లు, ఒకటి కాదు, ఒకదానికొకటి తగిలించి, ఆ వెనకాల వ్యాగన్లు. ఎర్రగా, ధీమాగా, ఎవరి వైపూ చూడకుండా, పెళ్లికొచ్చిన పెద్ద మావగారిలా వెళ్తోంది. మావాడు సొరంగాలు వదిలేసి వ్యాగన్లు లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది మావయ్యా అన్నాడు, నేను యాభై తొమ్మిది అన్నాను, కొట్టుకున్నాం. ఆ గాలికి మా పెట్టెలోకి సన్నటి ఎర్ర దుమ్ము వచ్చింది, మామ్మ తాపీగా కొంగు తీసి గంప మీద కప్పింది, మొహం మీద కాదు, గంప మీద. ఎవరు సరుకో ఎవరు మనిషో ఆవిడకి క్లారిటీ ఉంది.

న్యాయంగా చెప్పాలంటే రూల్ బుక్కులో గూడ్స్‌ది ఆఖరి వరస, పాసింజర్‌ది ముందు. కానీ ఘాట్ దిగే లోడు బండి సంగతి వేరు, అన్నేసి వేల టన్నులు వాలులో దిగుతుంటే బ్రేకు పట్టి నిలబెట్టడమంటే మాటలా, అందుకే రూలు ఒకటి వాలు ఒకటి. మనల్ని ఎక్కడైనా ఆపొచ్చు, మనం జారిపోం, మహా అయితే తిట్టుకుంటాం. పైగా 2017లో మనకి అద్దాల పెట్టె ఇచ్చారు, విస్టాడోమ్. లోయలు చూసుకోడానికి అని ప్రచారం, నా అనుమానం ఏంటంటే లూప్‌లో ఆగినప్పుడు గూడ్స్ బండిని పక్కనుంచే కాకుండా పైనుంచి కూడా దర్శనం చేసుకోడానికి.

ఇక్కడ మీరు తొందరపడి గూడ్స్‌ని తిట్టకండి. కొన్నేళ్ల క్రితం రైలు టికెట్టు మీద ఒక లైను అచ్చేసేవాళ్లు గుర్తుందా, మీ ప్రయాణానికి అయ్యే ఖర్చులో రైల్వేకి సగటున 57 శాతమే తిరిగొస్తోంది అని. మిగతా 43 ఎవరిచ్చారు? రాయి ఇచ్చింది. బొగ్గు ఇచ్చింది. రైల్వే సంపాదనలో సుమారు మూడింట రెండొంతులు సరుకుదే. అంటే ఇంట్లో సంపాదించే పెద్దకొడుకు గూడ్సు, వాడి కంచంలో గడ్డపెరుగు పడుతుంది, మనకి మజ్జిగ, అదీ కూర్చోమన్నప్పుడే కూర్చోవాలి. ఆ టికెట్టు చూసిన రోజు నుంచి నాకు రైల్లో కాళ్లు చాపుకోవాలంటే మొహమాటం. పక్క ట్రాక్ మీద గూడ్స్ వెళ్తుంటే లేచి నిలబడదామనిపిస్తుంది.

అందుకే బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. డబ్బు ఎలాగూ రాయి మీద పెడుతున్నారు, పెట్టాలి కూడా, కాబట్టి మార్చాల్సింది బడ్జెట్ కాదు, నన్ను. నన్ను పాసింజర్ లిస్టులోంచి తీసేసి ఇనప ఖనిజం కింద రాసుకోండి.

లాభాలు చూడండి. డెమరేజ్ అని ఒక గొప్ప మాట ఉంది సరుకు లోకంలో. వ్యాగన్‌ని అన్‌లోడ్ చెయ్యడానికి ఇంత టైము అని ఇస్తారు, ఆ టైము దాటి ఆపితే ఆపినవాడు గంటకి, వ్యాగన్‌కి ఇంత అని కట్టాలి. నిలబడ్డ ఇనప పెట్టెకి కూడా గంటకి రేటు ఉంది బాబూ ఈ దేశంలో! మరి హైదరాబాద్ నుంచి రాత్రంతా ఊగుతూ వచ్చి దువ్వాడ చేరిన మనిషి, అక్కడి నుంచి వైజాగ్ 17 కిలోమీటర్లు, ఆ పదిహేడు కోసం బ్రష్ చేసుకుని, జడ వేసుకుని, బెడ్‌షీట్ మడిచి, చెప్పులు వెతికి, సూట్‌కేసు డోరు దగ్గర పెట్టుకుని, మళ్లీ తెచ్చి సీటు కింద పెట్టుకుని, ఇంటికి మూడుసార్లు ఫోన్ చేసి ఉప్మా ఇప్పుడే కలపకు అని చెప్పి, అవుటర్‌లో సిగ్నల్ ఎర్రగా చూస్తుంటే దాన్ని ఇతనూ ఎర్రగా చూస్తూ కూర్చుంటాడే, అతని గంటకి రేటెంత? సున్నా. నేను ఖనిజమైతే అవుటర్‌లో ఆపినందుకు ఎవరో ఒకరు నాకు బాకీ పడతారు.

ఇంకోటి, బరువు. వ్యాగన్‌లో ఎంత పొయ్యాలో లెక్క ఉంటుంది, వేబ్రిడ్జి మీద తూస్తారు, ఎక్కువైతే జరిమానా. తొంభై మందికి అని రాసున్న జనరల్ పెట్టెని సంక్రాంతి ముందు రోజు ఎవరైనా తూచారా? టాయిలెట్ తలుపుకి వీపు ఆనించి విజయనగరం దాకా నిలబడ్డ మనిషిని అడగండి, ఓవర్‌లోడ్ అంటే ఏంటో, రాయికున్న హక్కు తనకెందుకు లేదో.

నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు, ఏ విషయంలోనైనా లెక్కలు తెస్తాడు, వాడు విని నవ్వాడు. "ఒరేయ్, డబ్లింగ్ పూర్తయితే క్రాసింగ్ కోసం లూప్‌లో ఆగే పనే ఉండదు, నీ పాసింజర్ కూడా గబగబా వెళ్తుంది, గూడ్స్ కోసం వేసినా లాభం నీకే" అన్నాడు. లెక్క కరెక్టే, సింగిల్ లైను మీద ఎదురుబండి గోల ఉంటుంది, డబుల్ మీద ఉండదు. కానీ నేను వైజాగ్ వాణ్ని, నా అనుభవం నాది. రోడ్డు వెడల్పు చేస్తే ఆటోలు పెరుగుతాయి, ట్రాక్ పెంచితే గూడ్స్ బండ్లు పెరుగుతాయి. ఇంతకుముందు ఒక గూడ్స్ కోసం ఆగాం, ఇకముందు కుడిపక్క ఒకటి ఎడంపక్క ఒకటి. మావాడికి లెక్కపెట్టడానికి రెండు కిటికీలు.

జోన్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మనవాళ్లు ఊరుకోరు. 2019లో దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు, వైజాగే హెడ్‌క్వార్టర్, బాణాసంచా కాల్చాం. 2025 జనవరిలో ప్రధాని గారు వచ్చి ఆఫీసుకి శంకుస్థాపన చేశారు, అంటే ప్రకటనకీ రాయికీ మధ్య ఆరేళ్లు, ఆరేళ్లంటే ఘాట్‌లో లూప్ కంటే కొంచెం ఎక్కువ. ఆ తర్వాత నెలకే అప్పటిదాకా మన ఊరి రైల్వే డివిజన్ అయిన వాల్తేరు పంపకాలు. దువ్వాడ, వైజాగ్, పలాస వైపు ఓ 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ అనే కొత్త పేరుతో మనకి, కొత్తవలస నుంచి కిరండూల్ పక్కనున్న బచేలి దాకా, అంటే మన అరకుతో సహా, ఖనిజం దొర్లే లైను రాయగడ డివిజన్ కింద తూర్పు కోస్తా జోన్‌కి. మొత్తం మీద అటు పోయింది దాదాపు 680 కిలోమీటర్లు. గేదె వాళ్లది, పాలు దించేది మా గుమ్మంలో, పేడ ఎత్తేది మేము. రాయి మా ఊరొచ్చి దిగుతుంది, లెక్క వేరే ఊళ్లో రాసుకుంటారు. బాధపడ్డాను కానీ తర్వాత అనిపించింది, ఖనిజానికి ఏ జోనైతే ఏంటి, అది పుట్టింది ఛత్తీస్‌గఢ్, వచ్చింది ఒడిశా మీదుగా, దిగింది ఆంధ్రా, కరిగింది ఎక్కడో. దానికి స్థానికత గోల లేదు. నేను ఖనిజమైతే నాకూ ఉండదు. ముప్ఫై రెండు మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీకి ఈరోజుకీ సొంత గని లేదు, ఆ రాయి కోసం అదే కేకే లైను వైపు చూస్తుంది, దాని ముందు నా ఐడెంటిటీ క్రైసిస్ ఎంత.

ఇక మా పెద్దత్త. జ్ఞానాపురం వైపు ఉంటుంది, రోజుకి రెండుసార్లు కిటికీ చువ్వలు తుడుస్తుంది. పొద్దున గుడ్డ మీద నల్లగా, సాయంత్రం ఎర్రగా. ఆ దుమ్ము ఫలానా వాళ్లదని నేను అనను, గాలికి పేరుండదు. కానీ ఆవిడ లెక్క ఆవిడకుంది, "నలభై ఏళ్లబట్టి తుడుస్తున్నాన్రా, పోగేసుంటే ఈపాటికి నేనూ ఒక ఓడ పంపేదాన్ని జపానుకి." ఆవిడకి ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదనుకోవద్దు, సరుకు డోర్ డెలివరీ చేస్తోంది, ఉచితంగా.

నా దరఖాస్తు తయారు. సరుకు పేరు దగ్గర నా పేరు రాశాను. బరువు 78 కిలోలు, టిఫిన్ తర్వాత అయితే 79. గ్రేడు దగ్గర మా ఆవిడని అడిగాను, లో గ్రేడ్ అని రాయమంది. ఎక్కించే చోటు మర్రిపాలెం, దిగే చోటు అరకు, దారిలో ఎక్కడ ఆపినా డెమరేజ్ వర్తించును.

ఒక్క కాలమ్ దగ్గరే పెన్ను ఆగింది. సరుకు దింపే విధానం. ఖనిజాన్ని ఎలా దింపుతారో తెలుసు కదా, టిప్లర్ అని ఒక యంత్రం ఉంటుంది, వ్యాగన్ని నడుం పట్టుకుని ఎత్తి తలకిందులుగా తిప్పేస్తుంది, ఉన్నదంతా ఒక్కసారి కింద పడుతుంది. చాలాసేపు ఆలోచించి, మా చెల్లి కొడుకుని కూడా సంప్రదించి, ఆ గడిలో "మెల్లగా" అని రాశాను.