సెట్‌బ్యాలెన్స్ అనే వాచ్‌మన్

ఆ మధ్య కోడ్ రివ్యూలో ఒక బ్యాంకు అకౌంటు క్లాసు, అంటే ఖాతా డేటా, దాంతో చేసే పనులూ ఒకచోట పెట్టిన కోడ్, చూశాను. బ్యాలెన్స్ ప్రైవేటు, బయటి కోడ్ నేరుగా ముట్టుకోలేదు. ఎంత ముచ్చటేసిందో! నాలుగు లైన్లు కిందికి దిగితే బ్యాలెన్స్ చూపించే గెట్‌బ్యాలెన్స్, పబ్లిక్, ఎవరైనా పిలవొచ్చు. దాని కింద బ్యాలెన్స్ మార్చే సెట్‌బ్యాలెన్స్, అదీ పబ్లిక్. లోపల ఒక్కటే లైను: ఎవరేమిస్తే అది పుచ్చుకోవడం.

"ఎన్‌క్యాప్సులేషన్ సార్" అన్నాడు టీమ్ లీడ్, విభూతి పెడుతున్నంత భక్తిగా. లోపలి డేటా బయటివాళ్ళ చేతికి చిక్కకుండా దాచడమట.

మా అపార్ట్‌మెంటుకీ ఇలాంటి వాచ్‌మనే ఉన్నాడు. ఎవరొచ్చినా ఆపుతాడు.

"ఎవరు?"

"దొంగని."

"రిజిస్టర్లో రాయండి సార్. ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు, టైము."

దొంగ రాస్తాడు. వాచ్‌మన్ లిఫ్టు బటన్ కూడా నొక్కిపెడతాడు. గంట తర్వాత దొంగ టీవీ మోసుకుంటూ దిగితే మాత్రం ఊరుకోడు. "వెళ్ళే టైము రాయలేదేంటి సార్?" అని నిలదీస్తాడు. చేతులు ఖాళీ లేవంటే, పాపం, తనే రాస్తాడు. సెట్‌బ్యాలెన్స్ కన్నా ఈయనే నయం. రిజిస్టరన్నా ఉంది.

పైథాన్ భాషలో రాసేవాళ్ళు, దాచాల్సినదాని పేరు ముందు ఒక అండర్‌స్కోరు గీసి "ముట్టుకోకండి బాబూ" అని బతిమాలుకుంటారు. తాళం లేదని వాళ్ళే చెబుతారు, గొడవ లేదు. మన జావా వీరులు తాళం వేసి, చెవిని గుమ్మానికే వేలాడదీసి, దానికి డిజైన్ అని పేరు పెడతారు. అసలీ గెట్, సెట్ పేర్లు 1997 నాటి జావాబీన్స్ స్పెసిఫికేషన్ అనే నియమాల పత్రంతో ఆచారమయ్యాయి. బటన్లూ బాక్సులూ స్క్రీన్ మీదికి లాగి అతికించే టూల్స్, వాటి రంగూ సైజూ లాంటి ప్రాపర్టీలను పేరు చూసి పట్టుకోవడానికి! బటన్ రంగు మార్చే పద్ధతిలో జనం డబ్బు మారుస్తున్నాం.

నవ్వి వదిలేద్దును. కానీ కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ సెటర్ (సెట్‌బ్యాలెన్సే) తీసేసి, డబ్బు తీయడానికి విత్‌డ్రా అని మెథడ్ రాసింది. ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే ఎక్సెప్షన్, అంటే పని ఆపేసి తప్పని చెప్పడం. లీడ్ కామెంటు: "సెటర్ మిస్సింగ్." ఆ పిల్ల సారీ చెప్పి మళ్ళీ పెట్టేసింది.

సారీ ఎందుకమ్మా? ఆ టీమ్ మొత్తంలో విషయం తెలిసింది నీకొక్కదానికే. కాలేజీలో, అమీర్‌పేట కోచింగుల్లో, ఇంటర్వ్యూల్లో "ప్రైవేటు ప్లస్ గెటర్ ప్లస్ సెటర్" అని బట్టీ పట్టించి, బుర్ర వాడిన పిల్ల చేత క్షమాపణ చెప్పించడానికి సిగ్గుండక్కర్లా?

రిలీజైన వారానికి ఒక అకౌంట్లో బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయింది. ఎవరు మార్చారో చూద్దామంటే సెట్‌బ్యాలెన్స్‌ని పిలిచే చోట్లు 63. అన్నీ వెతికే పని లీడ్ ఆ అమ్మాయికే అప్పజెప్పాడు.