అరటిపండు పట్టుకొని వార్డులకు పోయే ముందు

ఆదివారం ఆరాధన అయిపోంగనే యూత్ వాట్సాప్ గ్రూపుల మెసేజ్ పడ్తది: "ఒంటి గంటకు అందరూ పెద్దాసుపత్రి గేటు కాడికి రావాలె, వైట్ షర్ట్ మస్ట్." ఆ వైట్ షర్ట్ కాడనే సగం సంగతి అర్థమైపోతది. నాలుగు గెలల అరటిపండ్లు, ఒక అట్టపెట్టె నిండ బ్రెడ్డు ప్యాకెట్లు, పాస్టరయ్య ఫొటో ఉన్న ఫ్లెక్సీ. తెల్లారి జిల్లా పేజీల "రోగులకు పండ్లు, బ్రెడ్డు పంపిణీ" అని చిన్న వార్త. ఉమ్మడి వరంగల్ జిల్లాల ఈ హెడ్డింగు లేని వారం ఉంటదా? లీడర్ల పుట్టినరోజులకు గదే, మన క్రిస్మస్‌కు గదే. లీడర్ల ఇష్టం లీడర్లది. క్రీస్తు పేరు చెప్పి పోయేటోళ్లు మాత్రం ఆ పండు ఎవరి చేతుల పెడ్తున్నరో చూసుకోవాలె.

వార్డుల ఏమైతదో చెప్త. ఒక బెడ్డు మీదాయనకు సాయంత్రం ఆపరేషన్. పొద్దటి నుంచి ఏం తినొద్దని కేసు షీటుల రాసి ఉంటది. ఆకలి మీద ఉంటడు. మనోళ్లు నవ్వుకుంట పోయి చేతుల పండు పెడ్తరు, ఒకరు ఫొటో తీస్తరు, ఆయన తింటడు. మత్తు ఇచ్చే ముందు గట్టి తిండి తిని కనీసం ఆరు గంటలు కావాలె, మంచినీళ్లయితే రెండు గంటలు. మత్తుల ఉన్నప్పుడు కడుపుల ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తులల్లకు పోతే పాణం మీదికొస్తది. గందుకే పండు తిన్నడని తెలిస్తే డాక్టరు ఆపరేషన్ ఆపుతడు. ఏటూరునాగారం నుంచో, మహాముత్తారం నుంచో వచ్చినోళ్లకు ఆపరేషన్ వాయిదా పడ్డదంటే వెంట వచ్చినోళ్ల కూలి కూడ పోయినట్టే. తిన్న సంగతి తెల్వకుంటే ఇంకా ఘోరం.

పక్క వార్డుల డయాలసిస్ చేయించుకునేటాయన ఉంటడు. అరటిపండుల, కొబ్బరినీళ్లల్ల పొటాషియం ఎక్కువ. మంచిగున్న కిడ్నీ దాన్ని బయటికి పంపుతది, చెడిపోయిన కిడ్నీ పంపలేదు. రక్తంల పేరుకుంటే గుండె లయ తప్పుతది. షుగర్ ఉన్నాయనకు తియ్యటి బ్రెడ్డు. కాలినగాయాల వార్డులకు ముప్పై మంది ఒకేపారి జొరబడుడు, పసిపిల్లలను సంకల ఎత్తుకొని. గాయం మీద చర్మం లేనోళ్లకు మన చెప్పుల దుమ్ము కూడ శత్రువే.

ఇదంతా కోపంతోని చెప్తున్న గానీ ఉపాయం సులువే. ముందు ఆర్‌ఎంఓ (ఆసుపత్రి బాగోగులు చూసే డాక్టరు) కాడ పర్మిషన్ తీసుకోండి. వార్డు బయట నర్సుల టేబుల్ కాడ ఆగి "సిస్టర్, వీళ్లల్ల ఎవరికి ఏం పెట్టొద్దు?" అని అడగండి. సిస్టర్ చెప్పే తీరిక లేనప్పుడు రోగులకు ఏమీ ఇయ్యకుండ తిరిగి రండి. నా మాటైతే రోగుల జోలికి పోకనే పోవుడు మంచిది. వాళ్లకు ఆసుపత్రి తిండి ఉంటది, ఏం తినాలెనో చెప్పే డాక్టరు ఉంటడు. ఎవరూ పట్టించుకోనిది వెంట వచ్చినోళ్లను. వరండాల చాప ఏసుకొని పండే ముసలవ్వ, సెల్‌ఫోన్ చార్జింగ్ కోసం ప్లగ్గు ఎతుక్కునే కొడుకు, ఆరోగ్యశ్రీకి ఏ కాయితం ఎక్కడ ఇయ్యాలెనో తెల్వక తిరిగే అల్లుడు. 2023 డిసెంబర్ల ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెరిగింది, గానీ రేషన్ కార్డు, ఆధార్ ఇంట్ల మర్చిపోయి వచ్చినోళ్లకు ఆ పది లక్షలు ఏం పనికొస్తయి? మీ యూత్‌ల చదువుకున్న పోరగాళ్లు ఇద్దరు వారానికి రెండు పొద్దులు ఆరోగ్యశ్రీ కాయితాలు చూసే ఆరోగ్యమిత్ర టేబుల్ దాక వాళ్లను తోలుకపోతే చాలు. ఫొటోల ఏం కనపడది, అందుకే ఆ పనికి ఎవరూ పేరు ఇయ్యరు.

ఇక్కడ మన భాషల ఒక తిరకాసు ఉన్నది. మన సంఘాలల్ల "సేవ" అంటే వాక్యం చెప్పుడు, "సేవకుడు" అంటే మైకు పట్టుకున్నాయన. "ఆయన ఇరవై ఏండ్ల సంది సేవల ఉన్నడు" అంటే ఎవరికీ గంజి పోసిన లెక్క కాదు. బైబిల్ల అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీస్తే, రోజూ పెట్టే తిండిల కొందరు విధవరాండ్రను మరిచిపోతున్నరని సణుగుడు మొదలైంది. అప్పుడు అపొస్తలులు ఇంకో ప్రార్థన కూడిక పెట్టి ఊరుకోలేదు, ఆ పని చూసుకోనీకె ఏడుగురిని ఏర్పాటు చేసిన్రు. మన కమిటీలల్ల సౌండ్ సిస్టమ్‌కు ఒకరు, డెకరేషన్‌కు ఒకరు, లైవ్‌కు ఇద్దరు ఉంటరు. వంటకు? "అక్కలు చూసుకుంటరు."

అక్కల సంగతే చెప్తే, డోర్నకల్ దిక్కు పాత సంఘాలల్ల పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉండేది. 1912ల అజరయ్య గారు ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యింది ఆ డోర్నకల్‌కే. ఎసరు పెట్టే ముందు కొలిచిన బియ్యంల నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండల ఏసుడు, ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చుడు. ఇప్పుడు ఫోన్‌పేల కానుక వచ్చినంక కుండ పోయింది. లెక్క చూస్తే నోరు తెరుస్తరు. ఒక పిడికెడు నలభై గ్రాములు అనుకోండి, రోజుకు ఒక్కపూట తీసినా నెలకు 1.2 కిలోలు. వంద ఇండ్ల సంఘమైతే 120 కిలోలు. మనిషికి 120 గ్రాముల బియ్యం లెక్కన వెయ్యి భోజనాలు. అంటే వారానికి 250 మంది, ఎవరి జేబుల నుంచి రూపాయి తీయకుండ.

కష్టం ఎక్కడొస్తదంటే బియ్యం కలుపుడు కాడ. ఒకరింట్ల పాత బియ్యం, ఒకరింట్ల కొత్తవి, ఇంకొకరింట్ల పాత రేషన్ దొడ్డు బియ్యం మిగిలి ఉంటయి. అన్నీ ఒకే సంచిల పోసి వండితే కొత్త బియ్యం ముద్దయితది, పాతది పలుకుతోని ఉంటది. 2025 ఉగాదికి రేషన్ల సన్నబియ్యం మొదలైనంక ఈ తిప్పలు కొంత తగ్గింది. అయినా మూడు డబ్బాలు పెట్టండి: సన్నం కొత్తది, సన్నం పాతది, దొడ్డు. దొడ్డు బియ్యం అన్నానికి వద్దనుకుంటే దోశ పిండికి, జావకు పోతది. డబ్బా నెలకోసారి అడుగుదాక ఖాళీ చేసి, ఎండల పెట్టి, మళ్ల పోయాలె. పాతదాని మీదనే కొత్తది పోసుకుంట పోతే అడుగున ముక్కపురుగు ఇల్లు కట్టుకుంటది.

ఇక రోగుల వెంట వచ్చినోళ్లకు పెట్టే వంట. మన దగ్గర పంచుడు అంటే పులిహోర. చింతపండు పులుపుకు తొందరగ పాడుకాదు, నిజమే. 12 కిలోల బియ్యానికి కిలో, కిలో పావు చింతపండు పడ్తది. కానీ మూడు రోజుల సంది నిద్రలేక, చాయ తాగి బతికేటోళ్లకు మళ్ల పులుపు, మిరపకాయ పెడితే గుండెల మంట. వంద మందికి 12 కిలోల బియ్యం అన్నం, మూడు కిలోల కందిపప్పు టమాటలు ఏసి, ఒక బకెట్ పలుచటి చారు. అంతే. నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. మధ్యాహ్నం ఆరాధన భోజనంల మిగిలిన అన్నాన్ని రాత్రి ఆసుపత్రి కాడికి మోసుకపోవుడు మాత్రం మానండి. వండిన అన్నంల కొన్ని క్రిములు గట్టి పెంకు కట్టుకొని ఎసరుకు కూడ చావవు, గోరువెచ్చగ ఉన్న గిన్నెల గంటల తరబడి పెరిగి విషం వదుల్తయి, మళ్ల వేడి చేసినా ఆ విషం పోదు. ఏప్రిల్, మేల మన వరంగల్ ఎండకు ఇంకా తొందర. ఏడున్నరకు వడ్డించాలెనంటే ఐదున్నరకు పొయ్యి ముట్టించండి. దించినంక రెండు గంటలల్ల అయిపోవాలె. వేడి అన్నం పలుచటి ప్లాస్టిక్ కవర్లల్ల కట్టొద్దు, ఆవిరి నీళ్లయి మెత్తగయితది, ప్లాస్టిక్ వాసన కొడ్తది. మోదుగాకు విస్తరి మీద పెట్టుడు మేలు.

రోజు కూడ చూసుకోండి. ఆదివారం మధ్యాహ్నం గేటు కాడ మూడు గుంపులు పంచుతయి, అన్నం చెత్తకుండిల పడ్తది. మంగళవారం రాత్రి ఎవరూ రారు. అన్నదానం చేసే గుడి కమిటీతోని, మసీదు పోరగాండ్లతోని ఫోన్ల మాట్లాడుకొని రోజులు పంచుకుంటే తప్పేంది? దారిల దెబ్బలు తిని పడి ఉన్నాయనను ఆదుకున్న మంచి సమరయుడి ఉపమానం మనకు నోటికి వచ్చు. ఆయన నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిండు, సత్రంల దింపిండు, తెల్లారి రెండు దేనారాలు ఇచ్చిండు, అంటే రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్త అన్నడు. ఆ తిరిగొచ్చుడు మీద ప్రసంగం అరుదుగ వినపడ్తది.

రక్తదానం గురించి చిన్న మాట, ఇది కూడ మన పండుగల యావ వల్లనే చెడుతున్నది. మంచి శుక్రవారం నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన మూడు గంటల దాక, అందరూ ఉపవాసం, ఆ తర్వాత అదే ఆవరణల రక్తదాన శిబిరం. ఖాళీ కడుపు, ఎండ, 350 మి.లీ. రక్తం. కండ్లు తిరిగి పడిపోకుంటే ఆశ్చర్యం. రక్తం ఇచ్చేటోళ్లు తినే ఇయ్యాలె, నీళ్లు బాగ తాగాలె, ఇచ్చినంక పావుగంట కూసోవాలె. బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలె. ఇంకో సంగతి, ఎర్రకణాలు నెల, నెలన్నర ఆగుతయి గానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. మార్చి, ఏప్రిల్‌ల ఒక్కనాడు రెండు వందల మంది ఇస్తే ఆ ప్లేట్‌లెట్లు సెప్టెంబర్ డెంగీ రోగికి రావు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇయ్యొచ్చు. ఆ లెక్కన సంఘంల ఉన్నోళ్లను గుంపులు చేసి నెలకు పదిహేను మందిని బ్లడ్ బ్యాంకుకు పంపుడు మేలు. ఫ్లెక్సీ ఖర్చు కూడ మిగుల్తది.

ఇంక కామెంట్లల్ల "మరి సువార్త ఎప్పుడు చెప్పాలె అన్నా?" అని తప్పకుండ వస్తది. అన్నం ప్యాకెట్ల కరపత్రం పెట్టొద్దు. ఆకలి మీదున్నాయన దాన్ని వద్దనలేడు, ఎర అనుకుంటడు, అనుకోవుడుల తప్పు కూడ లేదు. తల మీద చెయ్యి పెట్టే ముందు అడగండి, వద్దంటే నవ్వి పక్కకు జరగండి. ప్రార్థన చెయ్యమని ఆయనే అడిగితే చెయ్యండి, గట్టిగ కాదు, పక్క బెడ్డాయన పండుకొని ఉంటడు.

వచ్చే మంగళవారం మొదలుపెట్టాలెననుకునేటోళ్లు కాయితం మీద ముందుగాల గిన్నెలు తోమేటోళ్ల పేర్లు రాయండి. వండేటోళ్లు, వడ్డించేటోళ్లు తర్వాత ఎట్లయినా దొరుకుతరు. రాత్రి పదిన్నరకు అడుగంటిన గుండిగె కాడ నిలబడేటోళ్లే దొరకరు.