కుర్చీ గురించి నేను పెట్టిన మెసేజ్

మా సినిమా గ్రూపులో ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికే అందరూ చూసేశారు కాబట్టి ఇక్కడ రాస్తే కొత్తగా పోయే పరువేం లేదు. సినిమా పేరు మాత్రం చెప్పను. పాపం ఎక్కడెక్కడో అప్పులు తెచ్చి తీసుంటారు, జరిగినదానిలో వాళ్ళ చెయ్యేం లేదు. చిన్న సినిమా. తెలిసిన మొహం ఒక్కటీ లేదు, ఫైట్ లేదు, పాట ఉందంటే ఉంది. ఒకతను నెత్తిమీద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటాడు. పోస్టర్ మీద కూడా అంతే, మనిషి, కుర్చీ, వెనకాల గుట్ట.

హైదరాబాద్‌లో విడుదలైన రోజే మా గ్రూపు రెండు ముక్కలైంది. ఒకవైపు కళాఖండం బ్యాచ్, దానికి పెద్ద మా రిటైర్డ్ లెక్చరర్ సారు. ఇంకోవైపు పైసా వసూల్ బ్యాచ్, దానికి పెద్ద ఎవరూ లేరు, అందరూ పెద్దలే. 2018లో కంచరపాలెం వాళ్ళనే పెట్టి 'కేరాఫ్ కంచరపాలెం' తీస్తే జనం చూడలేదా అని కళాఖండం వాళ్ళు, అది అర్థమైంది కాబట్టి చూశారు అని పైసా వసూల్ వాళ్ళు. 'బలగం' సినిమాకు 2023లో ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ చూశారు, దాంట్లో ఫైట్లున్నాయా అని వీళ్ళు, దానికి ఏడుపన్నా వచ్చింది, దీనికి ఆవలింతలొస్తున్నాయి అని వాళ్ళు. 'అ!' సినిమాలో చేప మాట్లాడితే ఒప్పుకున్నారు, మనిషి కుర్చీ మోస్తే ఒప్పుకోరా అని సారు నిలదీశారు. "చేపకైనా నాని గొంతున్నది సార్, ఈ కుర్చీకి ఎవరి గొంతున్నది" అని ఎవరో పెట్టారు. సారు రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు. ఇదంతా సినిమా నల్లగొండకు రాకముందు సంగతి, అంటే అప్పటికి మాలో చూసినవాడు హైదరాబాద్‌లో ఉండే ఒక్క తమ్ముడే. మిగతా వాళ్ళం ట్రైలర్ మీద కొట్టుకుంటున్నాం.

సరే, వచ్చింది. ఒక థియేటర్లో ఒకే ఆట, సాయంత్రం ఫస్ట్ షో. జనం సరిపడా లేకపోతే ఆట వెయ్యం అన్నారు థియేటర్ వాళ్ళు, అందుకని ఎదురు బతిమాలి మనుషుల్ని పోగు చేయాల్సి వచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే మా బావ అదేరోజు కలెక్టరేట్ పనిమీద వస్తే బస్టాండ్‌కు పోనివ్వకుండా గడియారం సెంటర్ దగ్గరే పట్టుకున్నాను. ఆన్‌లైన్లో టికెట్లు తీసుకుంటే టికెట్ ధర మీద కన్వీనియెన్స్ ఫీజు అని ఇంకొంత లాగారు. ఎవరి కన్వీనియెన్సో ఇప్పటికీ తెలియదు.

లోపలికి పోయేసరికి లైట్లు ఆరిపోయి పొగాకు ప్రకటన నడుస్తోంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మొత్తం మోసం ఇక్కడే ఉంది. తెర మీద సిగరెట్, బీడీ కనిపించే సినిమాకు మొదట్లో ఒకసారి, ఇంటర్వెల్ తర్వాత ఒకసారి ఆ ప్రకటన వెయ్యాలని 2012 నుంచి రూలు. అంటే రెండు సగాలూ ఒకేలా మొదలవుతాయి. కాబట్టి తెర మీద ఊపిరితిత్తులు కనిపించగానే సినిమా మొదలవుతోందని అందరం కుదురుగా కూర్చున్నాం. టైటిల్స్ పడలేదు. టైటిల్స్ లేకుండా మొదలుపెట్టే సినిమాలు ఇప్పుడు బోలెడు. సెన్సార్ సర్టిఫికెట్ పడలేదు. సెన్సార్ సర్టిఫికెట్ కోసం ఎవరు చూస్తారండీ, అప్పుడు ఫోన్ లైట్ వేసుకుని సీటు నంబర్ వెతుక్కుంటుంటాం.

మొదటి సీనే అతను కుర్చీ నెత్తిన పెట్టుకుని చెరువుకట్ట మీద నడుస్తున్నాడు. ఎందుకు నడుస్తున్నాడో చెప్పరు. ఎదురొచ్చిన వాళ్ళు "ఇంకా దొరకలేదా?" అంటారు, ఏం దొరకాలో చెప్పరు. ఒక తాత చచ్చిపోతాడు, ఆ తాత ఎవరో తెలియదు కానీ అందరూ బాగా ఏడుస్తారు. బావ ఏడుపుల దగ్గరే నిద్రపోయాడు. నా వెనక వరసలో సారు మాత్రం ప్రతి సీనుకూ "ఆహా" అంటున్నారు. ఒకసారి ముందుకు వంగి నా చెవిలో, "పానగల్లు ఛాయా సోమేశ్వరంలో లింగం మీద పొద్దంతా నీడ పడుతది చూడు, ఏ స్తంభానిదో కండ్లకు కనపడదు, కానీ నీడున్నదా లేదా? ఈ కుర్చీ అట్లాంటిదే" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది.

గంట దాటాక అతను చెరువు మధ్యలో, మోకాలి లోతు నీళ్ళలో ఆ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర నల్లగా అయింది. పేర్లు కింది నుంచి పైకి పాకాయి. లైట్లు వెలిగాయి. సమోసాల పిల్లాడు వచ్చాడు.

ఇక్కడ జనం చీలిపోయారు. ముందు వరస కుర్రాళ్ళు లేచి, "గంటల ఇడిసిపెట్టిండు, మంచి డైరెక్టర్" అని దీవించి బైకుల దగ్గరికి పోయారు. ఇంకో ఇద్దరు ఇది షార్ట్ ఫిల్మా, టికెట్ పైసలు సగం ఇస్తారా అని గేటు దగ్గర అడిగి, ఇంటర్వెల్ అని తెలిసి తిట్టుకుంటూ వెనక్కి వచ్చారు. సారు అయితే కరిగిపోయారు. "ఎవరూ కూర్చుని చూడని పేర్లను, లైట్‌బాయ్ పేరును, డ్రైవర్ పేరును ఇంటర్వెల్‌కు ముందే వేసిండు, మనం లేచిపోకుండ కట్టేసిండు, ఎంత మర్యాద!" అన్నారు. ఆ ఊపులోనే నేను సమోసా పక్కన పెట్టి గ్రూపులో మెసేజ్ కొట్టాను. కొట్టింది ఇది:

"ఆ కుర్చీ మనందరి నెత్తి మీదా ఉంది. ఒకరికి అది కొలువు, ఒకరికి కులం, ఒకరికి అప్పు. ఎక్కడ దించాలో తెలియని బరువు. దాన్ని ఎందుకు మోస్తున్నాడో దర్శకుడు చెప్పలేదు, ఎప్పటికీ చెప్పడు, ఎందుకంటే చెప్పలేనిదాన్నే మనం మోస్తాం. దిమాక్ ఉన్నవాళ్ళు చూడండి."

చివరి వాక్యం పైసా వసూల్ బ్యాచ్ కోసం.

లైట్లు ఆరాయి. మళ్ళీ పొగాకు. ఆ తర్వాత తెర మీద, ఇంత పెద్ద అక్షరాలతో, సెన్సార్ సర్టిఫికెట్.

ఈ సర్టిఫికెట్ తెర మీద కనీసం పది సెకన్లు ఉండాలి, అదీ రూలే. పది సెకన్లంటే మామూలుగా దగ్గి సర్దుకునేలోపు అయిపోతుంది. మొన్న మాత్రం ఆ పది సెకన్లలో నేను సర్టిఫికెట్ మొత్తం చదివాను, జీవితంలో మొదటిసారి. సినిమా పేరుంది, భాష తెలుగు అని ఉంది, నిడివి నిమిషాల్లో ఉంది, దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ పేరుంది, సంతకాలున్నాయి. డ్రైవింగ్ లైసెన్సు మీద నా పేరు కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదు. హాల్లో చడీచప్పుడు లేదు. ఎవరైనా ఒకరు నోరు తెరిస్తే ఇది ఏంటని అడగవచ్చు, కానీ ఎవరడుగుతారు? వచ్చింది అర్థంకాని సినిమాకని అందరికీ ముందే తెలుసు, అర్థం కాకపోవడానికి తయారయ్యే వచ్చాం, ఇప్పుడు అర్థం కాలేదని అంటే టికెట్ దండగ. మా నాన్న కాలంలో రీళ్ళు రేకు డబ్బాల్లో బస్సు మీద వచ్చేవి, ఒకే ప్రింటును రెండు థియేటర్లు పంచుకుని ఒక పిలగాడు సైకిల్ మీద అటూ ఇటూ మోసేవాడు, అప్పుడు ఒక్క రీలు అటూఇటైతే నిమిషంలో ఈలలు, అరుపులు, ఆపరేటర్ పేరు పెట్టి పిలుపులు. అదే పెద్ద హీరో సినిమాకు ఇప్పుడు జరిగినా సీట్లు లేచిపోయేవి. చిన్న సినిమా కాబట్టి మేం గౌరవంగా కూర్చున్నాం.

ఏడో సెకనుకో ఎనిమిదో సెకనుకో సారు గొంతు వినపడింది, మెల్లగా, వణుకుతూ: "రాజ్యం అనుమతి ఇచ్చేదాకా కథ మొదలు కాదంటున్నడు."

నేను తలూపాను. ఇప్పుడు ఎంత సమర్థించుకున్నా లాభం లేదు, చీకట్లో అయినా ఊపాను, పక్కనున్న వాళ్ళు కూడా ఊపారు.

అప్పుడే బావకు మెలకువ వచ్చింది. కళ్ళు నలుపుకుని తెర చూసి, "బామ్మర్దీ, ఇప్పుడే సురువైందా?" అన్నాడు. హాలు మొత్తానికి వినపడింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గొంతు తగ్గించి, "గంట నుంచి నడుస్తుంది బావా, నువ్వు పడుకున్నవ్" అన్నాను. సారు ఇంకా గట్టిగా, "కొందరికి ఎప్పుడూ ఇప్పుడే మొదలైతది" అన్నారు.

సర్టిఫికెట్ పోయింది. సినిమా పేరు పడింది. తర్వాతి సీను టెంట్‌హౌస్. యజమాని చేతిలో నోట్‌బుక్, ముందు పేర్చిన ఎర్ర కుర్చీలు. "నూట యాభై ఇస్తే నూట నలభై తొమ్మిది ఎట్లొచ్చినయ్? పెండ్లి మీది, కుర్చీ నాది. రేపు పొద్దుగాల్ల కుర్చీ తెచ్చి ఇయ్యకుంటే అడ్వాన్సు ఇయ్య."

అంతే. అదీ కుర్చీ. కొలువు కాదు, కులం కాదు, టెంట్‌హౌస్ వాళ్ళది. అతను దాన్ని వెతికి తెచ్చేసరికి ఆ టెంట్‌హౌస్ వేరే ఊరికి మారిపోయింది, అందుకని నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇదంతా పది నిమిషాల్లో చక్కగా, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. చచ్చిపోయిన తాత తాటివనంలో కూర్చుని కల్లు తాగుతూ కనిపించాడు. ఆయన పెళ్ళికొడుకు తాత. మంచి మనిషి, ముందే తెలిసుంటే మేం కూడా ఏడ్చేవాళ్ళం.

జేబులో నా ఫోన్ అదురుతూనే ఉంది. నా మెసేజ్‌కు దండాలు, చప్పట్లు, మంటలు వస్తున్నాయి. తెర మీద టెంట్‌హౌస్ ఆయన కుర్చీలు రెండోసారి లెక్కపెడుతున్నాడు, ఇక్కడ గ్రూపులో "అన్నా, బరువుకు కారణం ఉండదు, ఎంత బాగా చెప్పినవే" అని వస్తోంది. నేనా మాట అననే లేదు, అయినా నా పేరు మీద పడింది. తీసేద్దామని వేలు పెట్టేలోపు పైసా వసూల్ బ్యాచ్ వాడొకడు, ఈ హాల్లోనే మూడు వరసల ముందు కూర్చున్నవాడు, స్క్రీన్‌షాట్ పెట్టాడు. కింద, "కుర్చీ దొరికింది. టెంట్‌హౌస్‌ల ఇయ్యాలె."

సినిమా అయిపోయిన చోట, అంటే సగంలో, అతను కుర్చీ నెత్తికెత్తుకుని ఊరు దాటుతున్న దగ్గర, "విరామం" అని పడి లైట్లు వెలిగాయి. ఇప్పుడు ఇంక దాచడానికేం లేదు. సమోసాల పిల్లాడు అలవాటుకొద్దీ మళ్ళీ వచ్చాడు.

మేనేజర్ దగ్గరికి పోతే ఆయన లేచి నిలబడలేదు కూడా. సినిమా రెండు ఫైళ్ళుగా వస్తుందట, కొత్త పిలగాడు కంప్యూటర్‌లో వరస పెట్టేటప్పుడు కిందిది పైకి పెట్టాడట. పోతే పోయింది, క్షమించండి అనొచ్చు కదా. అనలేదు. "సార్, ఫస్టాఫ్ చూపిచ్చినం, సెకండాఫ్ చూపిచ్చినం. ఇంక మీకు బాకీ ఏమున్నది? ఇంటికి పొయ్యి మనసుల సీదా చేసుకోండ్రి" అన్నాడు. పైసలు వాపస్ అంటే ఆన్‌లైన్లో కొన్నది ఆన్‌లైన్లోనే అడగాలట. ఆన్‌లైన్లో అడిగితే, షో రద్దు కాలేదు కాబట్టి కుదరదట. కన్వీనియెన్స్ ఫీజు అసలు ఏ సందర్భంలోనూ రాదట.

బయట చాయ్ దగ్గర మళ్ళీ రెండు బ్యాచ్‌లు. కానీ ఈసారి ఎవరు ఎటున్నారో తెలియలేదు. పైసా వసూల్ వాళ్ళలో సగం మంది, ఉల్టాగా చూస్తే సస్పెన్స్ ఉంది, టెంట్‌హౌస్ సీను క్లైమాక్స్‌లా పేలింది, బంపర్ అంటున్నారు. కళాఖండం వాళ్ళలో కొందరు, కుర్చీకి కారణం చెప్పి డైరెక్టర్ చెడగొట్టాడు, మామూలు సినిమా అయిపోయింది అంటున్నారు. సారు చాయ్ సగం తాగి, "ఆపరేటర్ పిలగాడు తెలిసే చేసి ఉంటడా?" అని నన్నడిగారు. ఆయన నవ్వట్లేదు. రాత్రికి హైదరాబాద్ తమ్ముడు గ్రూపులో, "నేను సీదాగ చూసిన, బోర్ కొట్టింది. మీ నల్లగొండ వెర్షన్ ఇంకా నడుస్తుందా, బస్సెక్కుతా" అని పెట్టాడు.

నా మెసేజ్ ఒక్క అక్షరం మార్చకుండా ఇప్పటికీ నిలబడుతుంది, ఆ సినిమా అవతలి వైపు నుంచి వచ్చి దాన్ని పడగొట్టింది, అంతే. ఇది వాదించడానికి నాకు ఓపిక ఉంది, వినడానికి ఎవరూ లేరు.

ఇవాళ పొద్దున మిర్యాలగూడ నుంచి బావ ఫోన్ చేశాడు. మిల్లులో అందరికీ కథ చెప్తున్నాడట, కడుపుబ్బ నవ్వుతున్నారట. అతను మేలుకున్నదగ్గర నుంచి చూశాడు కదా, మొత్తం హాల్లో సినిమా మొదటి నుంచి మొదలుపెట్టినవాడు అతనొక్కడే. "గని బామ్మర్దీ, అది సగంల ఆపిండ్రు కద. ఇంతకూ వాడు కుర్చీ వాపస్ ఇచ్చిండా లేదా? మిల్లుల అడుగుతున్నరు" అన్నాడు.

చెరువు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడని చెప్పాను.

"గట్ల కాదు, ఇచ్చిండా లేదా?"

సారును అడుగు అని నంబర్ పంపాను.