సెట్ దోశలోని సెట్ వేరు, రూమ్ సెట్ కావడం వేరు

బెంగళూరు మారతహళ్లిలోని ఒక టిఫిన్ సెంటర్‌లో సెట్ దోశ చెప్పి కూర్చున్న తెలుగు కుర్రాడు తన స్నేహితుడితో "కొత్త రూమ్ సెట్ అయ్యిందిరా, కానీ రూమ్మేటే సెట్ అవ్వట్లేదు" అన్నాడు. నిమిషంలోపే ఆ మాట మూడు అర్థాల్లో వినిపించినా, స్నేహితుడు ఏ ఒక్కదానికీ వివరణ అడగలేదు.

1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండవ కూర్పులో అన్నిటికన్నా పొడవైన పదవివరణ సెట్‌దే. దానికి 430 అర్థాలు చూపారు. తరువాతి సవరణలో 645 అర్థాలతో రన్ అనే క్రియ దాన్ని దాటిపోయింది. అయితే సెట్ నిజానికి ఒకే పదం కాదు. కూర్చోబెట్టు, నిలుపు అనే అర్థమున్న క్రియ పాత ఇంగ్లీషులోనే ఉండగా, గుంపు అనే అర్థమున్న నామవాచకం లాటిన్ సెక్టా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి చేరింది. ఆ లెక్కన రెండో మూడో మెత్తని దోశలు కలిపి వడ్డించే బెంగళూరు సెట్ దోశది లాటిన్ వంశం. సెట్ అయిన రూముది ఇంగ్లీషు వంశం.

ఇంగ్లీషువారు సెట్ అని సరిపెట్టుకునే చోట్ల తెలుగులో సూర్యుడు అస్తమిస్తాడు, సిమెంటు గట్టిపడుతుంది, గణితంలో సమితి అవుతుంది. అంతమాత్రాన మన భాషే సంపన్నమని చంకలు గుద్దుకోనక్కరలేదు. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, వారం పట్టింది, పెట్టెలో బట్టలు పట్టలేదు అని మనమూ ఒకే క్రియతో నెట్టుకొస్తున్నాం.

రూమ్మేట్ సెట్ కాకపోవడం మాత్రం ఇంగ్లీషులో లేని ప్రయోగం. అది మన 'కుదురు' అర్థం. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటాం. బేరం కుదురుతుంది, సంబంధం కుదురుతుంది, మనసు కుదుటపడుతుంది. ఆ అర్థాన్నే మనం అరువు మాటకు తొడిగాం. పక్క గదిలోని కన్నడిగుడు 'సెట్ ఆగల్ల' అంటాడు, తమిళుడు 'సెట్ ఆగల' అంటాడు. మూడు భాషలవాళ్లు ఒకే వంటగది వాడుకునే ఊరిలో అందరికీ తెలిసిన మాట నెగ్గుకురావడంలో వింత లేదు.

నా అభ్యంతరం అరువు మీద కాదు, అస్పష్టత మీద. 'చొక్కా సెట్ అవ్వలేదు' అంటే ఒంటికి పట్టలేదో, రంగు నప్పలేదో మళ్లీ అడిగి తెలుసుకోవాలి. 'ఈ ఊరు సెట్ అవ్వలేదు' అన్నవాడికి నీళ్లు పడలేదా, పని దొరకలేదా, మనుషులే నచ్చలేదా?

డిసెంబరు చలికి మా ఇంట్లో తోడువేసిన గిన్నెను బియ్యం డబ్బాలో దాస్తాం. పొద్దున మూత తీసి మా అమ్మాయి "సెట్ అవ్వలేదు నాన్నా" అంటే, ఫోనులో ఉన్న మా అమ్మ "తోడుకోలేదా?" అని సరిదిద్దుతుంది. చిత్రమేమిటంటే, మా అమ్మాయి రోజంతా వాడే సెట్‌లలో ఇంగ్లీషువాడు యథాతథంగా ఒప్పుకునేది ఆ పెరుగు గిన్నె దగ్గరిదే.